లంక గ్రామాల్లో వైద్యం చేయబోయే మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

కోనసీమ లంకల్లో నీ దగ్గరకు వచ్చే వృద్ధుల్లో నాడి క్రమం తప్పి కొట్టుకునేవారు, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారు, తరచుగా కనిపిస్తారు. వారికి షుగరు, బీపీ, కిడ్నీల బలహీనత కూడా తోడై ఉంటాయి కనుక, ఈసీజీ చూసిన వెంటనే మందు రాయకుండా, ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ సంచితో సహా తెప్పించి చూడు. బరువు తూచి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించు.

ఈ జబ్బులో నేను అన్నిటికంటే భయపడేది, గుండెలో కట్టిన రక్తపు గడ్డ మెదడుకు చేరి తెచ్చే పక్షవాతానికి. 75 ఏళ్లు నిండిన వారిలో దాదాపు అందరికీ రక్తం గడ్డకట్టనివ్వని మందు అవసరమే. కింద పడతారేమోనన్న భయంతో దానిని మాని ఆస్పిరిన్‌తో సరిపెట్టవద్దు; అది పక్షవాతాన్ని సరిగా ఆపదు, రక్తస్రావం ముప్పు మాత్రం తెస్తుంది. గడ్డకట్టనివ్వని మందుల్లో ఒకటైన అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. వయసు 80 నిండడం, బరువు 60 కిలోలు మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు పైన ఉండడం అనే మూడింటిలో కనీసం రెండు ఉన్నప్పుడే 2.5కు తగ్గించాలి. రుమాటిక్ జబ్బుతో గుండెలోని మైట్రల్ కవాటం బాగా ఇరుకైన వారికి మాత్రం అదే పని చేసే పాత మందు వార్ఫరిన్ ఇచ్చి, రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్‌ఆర్ 2, 3 మధ్య ఉంచు. ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది; అయినా వారిని తోటకూర, మునగాకు మానమనకు, ఎప్పుడూ ఒకే మోతాదులో తినమను.

నాడి వేగం విశ్రాంతిలో 110 లోపు ఉండి, ఆయాసం లేకపోతే చాలామందికి అది చాలు. నాడి వేగం తగ్గించడానికి డిగాక్సిన్ వాడేవారిని మాత్రం ఎండాకాలంలో ప్రత్యేకంగా గమనించు. వడగాడ్పులకో విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు మందగిస్తే ఆ మందు పేరుకుపోతుంది. నీరు పోయే మాత్రల వల్ల పొటాషియం కూడా పడిపోయి ఉంటే దాని విషప్రభావం మరింత పెరుగుతుంది. అన్నం సహించకపోవడం, వాంతులు, చూపు పచ్చబడడం దాని గుర్తులు. ఇంట్లోవారు గ్యాస్ అనుకుని రోజులు గడిపేస్తారు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది, రక్తస్రావాన్నీ పెంచుతుంది. కనుక అడగనిదే చెప్పని ఆ మాత్ర సంగతి ప్రతిసారీ నువ్వే అడుగు.

మూతి వంకర పోయినా, ఒకవైపు చేయి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆగవద్దని కుటుంబానికి ముందే చెప్పు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు వ్యవధి నాలుగున్నర గంటలే కనుక, వరద రోజుల్లో పడవ మీద రేవు దాటవలసినవారు కాకినాడకో రాజమహేంద్రవరానికో ఎలా చేరాలో ఇప్పుడే అనుకుని ఉండాలి. రక్తం పలచబరిచే మందు పేరు, ఆఖరి మాత్ర వేసుకున్న సమయం చీటీ మీద రాసి పంపు. ఆ ఇంజెక్షన్ ఇవ్వవచ్చో లేదో అక్కడి వైద్యులు తేల్చుకోవడానికి ముందుగా అడిగేవి అవే.

ఇట్లు,
నీ మేనమామ