బెల్లం, శొంఠి సిరప్ సీసాలో ఎందుకు గడ్డకడుతోంది? పాలలో వేస్తే ఎందుకు విరుగుతోంది?

చలికాలానికని శొంఠి, మిరియాలు, బెల్లంతో చేసిన సిరప్ వారం తిరక్కుండానే సీసాలో గడ్డకట్టిందని, గీకి తీసిన నాలుగు చెంచాలు మరుగుతున్న పాలలో వేస్తే పాలు కాస్తా విరిగాయని రాశారు. ఈ రెండూ నేనూ పడ్డవే, పైగా మీకన్నా ఒక సీసా ఎక్కువే పారబోశాను.

మాది నర్సీపట్నం వైపు. లంబసింగి చలి గురించి టీవీలో చూసే ఉంటారు, మా దగ్గర అంత కాదు గానీ ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెట్టి లోపలికి వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ టైములో శొంఠి దంచే ఓపిక ఎవరికుంటుంది? అందుకని డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం అర కిలో బెల్లానికి సిరప్ చేసి పెట్టేస్తాను, పొద్దున్నే గ్లాసు వేడినీళ్లలో రెండు చెంచాలు కలుపుకుంటే అయిపోతుంది. శ్రీరామనవమి పానకాన్నే కాచి చిక్కబెట్టాననుకోండి, శొంఠి ఘాటు మాత్రం బాగా ఎక్కువ.

గడ్డకట్టడం దగ్గర తప్పు మీ చేతిది కాదు, చేతి అలవాటుది. పాకం అనగానే తీగ రావాలి, అరిసెలకైతే నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి అని చిన్నప్పటి నుంచి చూసి ఉన్నాం కదా, పొయ్యి మీద ఇది నీళ్లలా పల్చగా కనిపించేసరికి ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదాం అనిపిస్తుంది, ఆ ఐదు నిమిషాలే కొంప ముంచేది. చల్లారాక అది ఎలాగూ చిక్కబడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా. రెండు వేళ్ల మధ్య జిడ్డుగా అంటుకోవాలి, తీగ సాగకూడదు, అంతే, దించెయ్యాలి. వేళ్ల మీద నమ్మకం లేకపోతే వంటింటి కాటా వాడండి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకుని, అర కిలో బెల్లం వేసిన సిరప్ కాగి కాగి సుమారు 750 గ్రాములకి వచ్చేసరికి ఆపెయ్యండి. కొలిస్తే అర లీటరు మీద కాస్త ఉంటుంది. కాటా పెట్టుకున్నాక నాకు ఒక్కసారి కూడా గడ్డకట్టలేదు.

అలాగని భయపడి మరీ పల్చగా దించినా కష్టమే. గడ్డకట్టిన మరుసటి ఏడాది నేను చేసింది అదే. నీళ్ల నీళ్లగా దించి, సీసాలో పోసి గట్టు మీదే ఉంచాను. పది రోజులకి మూత తిప్పితే బుస్సుమని పొంగింది, ఇల్లంతా కల్లు పాక వాసన. మా ఆయన అయితే వడకట్టుకుని తాగుదామా అని కూడా అడిగారు. తీపి చాలినంత చిక్కగా ఉంటే అందులో పులియబెట్టే సూక్ష్మజీవులకి నీరు అందదు, పల్చగా ఉంటే వాటికి పండగే.

ఇక మసాలా. నేను 600 మిల్లీలీటర్ల నీళ్లకి పాతిక గ్రాముల శొంఠి, చిన్న చెంచాడు మిరియాలు, ఆరు లవంగాలు, రెండు అంగుళాల దాల్చిన చెక్క వేస్తాను. అన్నీ కచ్చాపచ్చాగా దంచి పల్చటి గుడ్డలో మూట కట్టి, సన్న సెగ మీద నీళ్లు సగమయ్యేదాకా మరిగిస్తాను. పొడి మాత్రం వేయకండి, ఎంత వడకట్టినా అడుగున బురదలా దిగుతుంది, దాల్చిన చెక్క పొడి అయితే జిగురు తేలి చూడ్డానికే అదోలా ఉంటుంది. శొంఠి కొమ్ముల్ని నేరుగా మిక్సీలోనూ వేయకండి, బ్లేడు వంగి రిపేరు షాపుకి వెళ్లొచ్చాక చెబుతున్న మాట ఇది, రోట్లోనో గుడ్డలో చుట్టి సుత్తితోనో చితక్కొట్టుకోవాలి. లవంగాలు ఆరు అంటే ఆరే, పదిహేను వేసినప్పుడు నాలుక మొద్దుబారి పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టు అనిపించింది. మసాలా నీళ్లలో ముందు దిగాలి, బెల్లం తర్వాత. రెండూ కలిపి పెట్టేస్తే ఆ చిక్కదనంలో సారం సరిగ్గా దిగట్లేదని నా అనుభవం.

మూట పక్కకి తీసి బెల్లం వేయండి, కరిగాక ఒకసారి వడకట్టండి, ఎంత మంచి బెల్లమైనా ఇసుకో పీచో ఉంటుంది. అనకాపల్లి మాకు దగ్గరే కాబట్టి బెల్లానికి కొదవ లేదు గానీ, పసుపు రంగులో మెరిసిపోయేది చూసి మోసపోకండి, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగు దిమ్మే తీసుకోండి. తాటి బెల్లంతోనూ చేశాను, రుచి బాగానే ఉంది, కాకపోతే దాని వాసన ముందు యాలకులు తేలిపోతాయి. అన్నట్టు యాలకులు, పది కాయలు నలిపి స్టవ్ ఆపేశాక వేసి మూత పెట్టాలి. చల్లారాక మళ్లీ ఒకసారి వడకట్టుకోవచ్చు. ముందే వేసి మరిగిస్తే వాసన వంటింట్లో మిగులుతుంది, సిరప్‌లో మిగలదు.

పాల సంగతి. పరమాన్నంలో బెల్లం ఎప్పుడు వేస్తాం? దించి కాస్త చల్లారాకే కదా. ఇదీ అంతే. బెల్లంలో ఎంతో కొంత పులుపు ఉంటుంది, పాతబడిన బెల్లమైతే మరీను, మరుగుతున్న పాలలో పడితే విరక్కుండా ఎలా ఉంటాయి? పాలు గ్లాసులో పోసి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు సిరప్ కలపండి. శొంఠికి బదులు పచ్చి అల్లం వాడి ఉంటే అదీ కారణం కావచ్చు, పచ్చి అల్లం రసంలో పాల ప్రోటీన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, చైనాలో గ్వాంగ్‌డాంగ్ వైపు అల్లం రసంలో వేడి పాలు పోసి కావాలనే పెరుగులా గట్టిపరిచి తింటారు. నీళ్లలో బాగా మరిగితే దాని పని అయిపోతుంది. నిమ్మరసం సిరప్‌లో అసలు కలపొద్దు, వేడినీళ్లతో తాగేటప్పుడు గ్లాసులో పిండుకోండి.

సీసా గాజుదే పెట్టండి, వేడినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఆవకాయ సీసా అయితే మూత మార్చండి, గాజుకి వాసన పోతుంది గానీ మూత లోపలి రబ్బరుకి పోదు, వెల్లుల్లి వాసనొచ్చే సిరప్ ఒక సంక్రాంతికి చుట్టాలందరికీ పోశాను నేను. ఫ్రిజ్‌లో పెట్టి పొడి చెంచా వాడితే మా ఇంట్లో నెలన్నర దాకా బాగుంది. బూజు కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి సరిపెట్టకండి, మొత్తం పారబోయాల్సిందే.

బెల్లం కదా, పర్వాలేదు అని షుగర్ ఉన్నవాళ్లకి పోసేస్తుంటారు, అది తప్పు, బెల్లమూ చక్కెరే. మా అత్తగారికి బెల్లం వేయకముందే కాస్త కషాయం పక్కకి తీస్తాను. దీంతో జలుబు తగ్గిపోతుందని కూడా నేను అనను, గొంతుకి హాయిగా ఉంటుంది, అంతవరకే.

పాలు, నీళ్లే కాదు, రాగి జావలో ఇది చాలా బాగుంటుంది, పాలు లేని కాఫీలో కూడా. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు అక్కడ దొరికే ఆపిల్ సైడర్, అంటే వడకట్టని ఆపిల్ రసమే, వేడి చేసి అందులో ఒక చెంచా వేసుకుంటుందట, నేనింకా రుచి చూడలేదు.

మూటలో మిగిలిన పిప్పి పారెయ్యకండి. అదే రోజు సాయంత్రం టీ నీళ్లలో వేసి మరిగించండి, ఇంకా బోలెడు ఘాటు ఉంటుంది.