మత్తులో కండోమ్ వాడానో లేదో గుర్తులేదు. నెలాఖరులో పరీక్ష చేయించుకుంటే చాలా?

నిన్న రాత్రి మెత్, జీహెచ్‌బీ అనే మత్తుమందులు తీసుకుని ఇద్దరు మగవాళ్లతో గడిపానని, మధ్యలో కొన్ని గంటలు గుర్తే లేవని, ప్రెప్ (హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునే మందు) వాడటం లేదని రాశారు. నెలాఖరు దాకా ఆగకండి. ఇది చదవగానే బయలుదేరండి. సంపర్కం జరిగాక హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే పెప్ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది, 28 రోజులు వాడాలి. క్లినిక్ మూసి ఉంటే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లి, పెప్ కావాలని పేరు పెట్టి అడగండి.

ఏం తీసుకున్నారో అక్కడ దాచకండి. కొన్ని హెచ్‌ఐవీ మందుల్లో ఉండే రిటొనావిర్, కోబిసిస్టాట్ మత్తు పదార్థాలు ఒంట్లోంచి త్వరగా పోకుండా ఆపుతాయి. అప్పుడు అలవాటైన మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. మీరు చెబితేనే డాక్టరు తగిన మందు ఎంచగలరు.

నేనూ గేనే, ఇలాంటి రాత్రులు నాకు కొత్త కాదు. ఒకసారి క్లినిక్‌లో నర్సు, బీపీ చూసినంత మామూలుగా, ఏం తీసుకున్నారు, ఎలా తీసుకున్నారు, సంపర్కం ఏ రకంగా జరిగింది అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. అందుకే మూత్రంతో సరిపెట్టకుండా గొంతు నుంచి, మలద్వారం నుంచి కూడా నమూనాలు తీశారు. మూత్రంలో ఏమీ లేదు, గొంతులో గనేరియా అనే సుఖవ్యాధి బయటపడింది. నాకు గొంతు నొప్పి కూడా లేదు! మీరూ మూడు చోట్లా పరీక్ష అడగండి, సిఫిలిస్‌కు రక్తపరీక్ష సరేసరి.

మెత్ ఆకలిని, నిద్రను, నొప్పిని కప్పేస్తుంది. గంటల తరబడి సాగే సంపర్కంలో లోపలి పొర చిట్లినా, కండోమ్ చిరిగినా తెలియదు. సూదే కాదు, ముక్కుతో పీల్చే గొట్టం పంచుకున్నా హెపటైటిస్-సి రావచ్చు. దానికి మందులున్నాయి, నయమవుతుంది. కానీ ఒకసారి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదని కాదు. హెపటైటిస్-ఎ, బి టీకాలు వేసుకోకపోతే అవీ అడగండి.

నాకు అన్నిటికంటే భయం జీహెచ్‌బీ అంటేనే. అది ద్రవం, ఒక మిల్లీలీటరు తేడాతో మనిషి స్పృహ తప్పుతాడు. మద్యం తోడైతే ఊపిరి మందగిస్తుంది. ఒక స్నేహితుడు సోఫాలో గురక పెడుతుంటే నిద్రపోతున్నాడనుకున్నారు అందరూ. భుజం గిల్లినా కదలలేదు, పెదవులు నీలం తిరుగుతున్నాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కు ఫోను చేశాం. బతికాడు. లేపినా లేవని మనిషిని ఎప్పుడూ ఒంటరిగా వదలకండి. పాపర్స్ (సంపర్కం వేళ సీసాలోంచి పీల్చే నైట్రైట్ ఆవిరి) పీల్చేవాళ్లు వయాగ్రా వేసుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

మరో మాట. స్పృహలో లేని మనిషి సమ్మతి ఇవ్వలేడు. గుర్తులేని ఆ గంటల్లో మీకు ఇష్టంలేనిది జరిగి ఉంటే, మీరు మత్తులో ఉన్నారన్న కారణంతో అది మీ తప్పు అయిపోదు. డాక్టరుకు ఆ సంగతి కూడా చెప్పండి.

మానేయకుండా జాగ్రత్తపడవచ్చా అని కూడా అడిగారు. మానేస్తేనే క్షేమమని నేను నమ్ముతాను, కానీ మానేదాకా మిమ్మల్ని గాలికి వదిలేయాలని అనుకోను. మత్తెక్కాక కండోమ్ గురించి ఆలోచించేంత ఓపిక ఎవరికీ ఉండదు, అందుకే ఏర్పాటు ముందే జరిగిపోవాలి. పెప్ పూర్తవగానే ఆపకుండా ప్రెప్‌కు మారవచ్చేమో డాక్టరును అడగండి. ప్రెప్ హెచ్‌ఐవీని ఆపుతుంది, సిఫిలిస్‌ను, గనేరియాను ఆపదు. కాబట్టి మూడు నెలలకోసారి పరీక్షలు తప్పవు. మత్తు లేకుండా మరో మగవాడి పక్కన ఉండటానికే సిగ్గో భయమో అడ్డొస్తుంటే, దాని గురించి కౌన్సెలర్‌తో మాట్లాడండి. మాలో చాలామందికి అసలు ముడి అక్కడే ఉంది.

మెత్ దిగాక రెండు మూడు రోజులు మనసు బాగా కుంగుతుంది. ఆ దిగులులో పెప్ మాత్రలు మానేయకండి, నమ్మకమైన ఒకరిని ఇంట్లో తోడు ఉండమనండి. క్లినిక్‌లో ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.