జేబులో దాచుకున్న మంచుముద్ద: చలికాలపు బొమ్మల పుస్తకాలతో పిల్లలకు మనసు సంగతులు నేర్పడం

మీరు రెండు విషయాలు అడిగారు. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలకు తమ మనసులోని భావాన్ని గుర్తుపట్టడం, ఎదుటివారి మనసు తెలుసుకోవడం, నలుగురితో కలిసిమెలిసి ఉండడం వంటివి చలికాలపు బొమ్మల పుస్తకాల ద్వారా నేర్పవచ్చా అన్నది మొదటిది. నేర్పగలిగితే ఏ పుస్తకాలు తీసుకోవాలి, వాటిని ఎలా చదివి వినిపించాలి అన్నది రెండోది. తొమ్మిదేళ్ళుగా ఈ వయసు పిల్లల తరగతిలో వారానికి రెండుసార్లు కథలు చదివి వినిపిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, తప్పకుండా నేర్పవచ్చు. అయితే పుస్తకం మూసేశాక "ఈ కథ వల్ల మనం ఏం నేర్చుకున్నాం?" అని అడిగే అలవాటును ముందు మానుకోవాలి. పిల్లల మనసు కదిలేది కథ మధ్యలో, పుట తిప్పబోయి మనం ఆగిన కొద్ది క్షణాల్లో.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది జాన్ బ్రెట్ 1989లో తెచ్చిన 'ద మిటెన్' చదివినప్పుడు. ఉక్రెయిన్ జానపద కథకు ఆమె ఇచ్చిన రూపం అది. ఒక అబ్బాయి మంచులో తెల్లని ఊలు చేతితొడుగు ఒకటి పారేసుకుంటాడు. కుందేలు, గుడ్లగూబ, నక్క మొదలుకొని ఎలుగుబంటి దాకా ఒకదాని తర్వాత ఒకటి అందులో దూరి, వెచ్చగా సర్దుకుంటాయి. ఉన్నదాన్ని పంచుకోవడం నేర్పే కథ కదా అని దాన్ని ఎంచుకున్నాను. చివర నా ప్రశ్న అడగగానే పిల్లలంతా ఒక్క గొంతుతో "పంచుకోవాలి" అన్నారు. పది నిమిషాలు గడవకముందే, అందరికంటే గట్టిగా ఆ మాట అన్న బాబే రంగు పెన్సిళ్ళ డబ్బాను పొట్టకు అదుముకుని, పక్కనున్న పాపకు ఒక్కటీ ఇవ్వనన్నాడు. వాడు అబద్ధమాడలేదు. నేను ఏ జవాబు కోసం చూస్తున్నానో వాడికి తెలుసు, అది నాకు చెప్పాడు. ఆ జవాబుకూ తన చేతిలోని డబ్బాకూ ఏమైనా సంబంధం ఉందని వాడికి తోచే అవకాశం నేను ఇవ్వలేదు.

మరుసటి వారం అదే పుస్తకం మళ్ళీ తీశాను. ఈసారి ఏమీ అడగకుండా గుడ్లగూబ వచ్చే చోట ఆగాను. ఒక పాప ముందుకు జరిగి, గుడ్లగూబ కాలిగోళ్ళ మీద వేలు పెట్టి, "వీటిని చూసి భయపడి జరిగాయి, ఇష్టమై కాదు" అంది. ఆ పాప చెప్పింది నిజం. ఆ కథలో లోపలున్న జంతువులు వచ్చినవాటి గోళ్ళనో పళ్ళనో చూసి గబగబా చోటిస్తాయి. నేనేమో నాకు కావలసిన నీతిని చదువుకుంటూ, పుటలో ఉన్నదాన్ని వదిలేశాను. భయపడి ఇవ్వడం, ఇష్టపడి ఇవ్వడం ఒకటేనా అని ఆ రోజు పిల్లలు చాలాసేపు మాట్లాడుకున్నారు. డబ్బా పట్టుకున్న బాబు కాసేపు ఆలోచించి, "లాక్కుంటే ఇవ్వను, అడిగితే ఇస్తాను" అన్నాడు. మునుపటి వారం చెప్పిన "పంచుకోవాలి" కంటే ఈ మాట నాకు ఎంతో విలువైనదిగా తోచింది, ఎందుకంటే ఇది వాడి సొంత మాట.

ఇక చలికాలపు కథలే ఎందుకంటే, మంచుకు ఉన్న గుణాలు ఈ పనికి బాగా అక్కరకొస్తాయి. మంచు కరుగుతుంది కాబట్టి పోగొట్టుకోవడమంటే ఏమిటో కళ్ళకు కనిపిస్తుంది. అడుగుజాడలు మంచులో నిలిచిపోతాయి కాబట్టి, కథలోని పిల్లవాడు ఎటు నుంచి ఎటు వెళ్ళాడో, ఎక్కడ తటపటాయించాడో, ఇంకా అక్షరాలు రాని పిల్లలు కూడా పుట మీద చదవగలుగుతారు. అన్నిటికంటే ముఖ్యంగా, తెల్లటి పుట మీద ఒక్క మనిషి నిలబడి ఉన్నప్పుడు చూడడానికి ముఖం, భుజాలు, నడక తప్ప మరేమీ ఉండదు గనక, పిల్లల చూపు నేరుగా వాటి మీదే పడుతుంది. మంచు కురవడం ఎన్నడూ చూడని పిల్లలకు ఇవన్నీ అర్థమవుతాయా అని మీరు సందేహించనక్కరలేదు. ఐసు ముక్క ఒకటి చేతిలో పెడితే చాలు.

మొదటి పుస్తకంగా ఎజ్రా జాక్ కీట్స్ 1962లో ప్రచురించిన 'ద స్నోయీ డే' తీసుకోమని నా సలహా. అమెరికాలో ఏటా మేటి బొమ్మల పుస్తకానికి ఇచ్చే కాల్డెకాట్ పతకం 1963లో దానికి వచ్చింది. పీటర్ అనే చిన్నవాడు ఎర్రటి చలికోటు తొడుక్కుని రోజంతా మంచులో ఆడుకుంటాడు. ఒక మంచుముద్దను గట్టిగా ఉండచేసి, రేపటికి దాచుకుందామని జేబులో వేసుకుని, వెచ్చటి ఇంట్లోకి వెళతాడు. పడుకోబోయే ముందు చూసుకుంటే జేబు ఖాళీ. అప్పుడు వాడికి చాలా దిగులు వేస్తుంది. నేను ఆగేది వాడు జేబులోకి చూడబోయే ముందు. అక్కడ రెండు ప్రశ్నలు అడుగుతాను: "జేబులో ఏముందని పీటర్ అనుకుంటున్నాడు?" అన్నది ఒకటి, "నిజంగా ఏముంది?" అన్నది మరొకటి. ఈ రెండింటికీ వేరువేరు జవాబులు ఉంటాయని తెలియడం చిన్నపిల్లలకు మామూలు విషయం కాదు. హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక అబ్బాయి దాచుకున్న చాక్లెట్‌ను అతను లేనప్పుడు అమ్మ మరోచోట పెడుతుంది. అబ్బాయి తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడని అడిగితే, బాగా చిన్నపిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న చోటునే చూపించారు. తనకు తెలిసినది ఎదుటివాడికి తెలియకపోవచ్చు అన్న ఎరుక సుమారు నాలుగేళ్ళ వయసు నుంచి పట్టుబడుతుంది. ఎదుటివారి మనసు తెలుసుకుని జాలిపడడానికి, క్షమాపణ అడగడానికి, రహస్యం దాచడానికి కూడా ఆ ఎరుక ఎంతో తోడ్పడుతుంది. మీ పిల్లల్లో కొందరు రెండు ప్రశ్నలకూ "నీళ్ళు" అనే చెబుతారు. దిద్దవద్దు. పుట తిప్పి, పీటర్ ముఖం చూపించి ఊరుకోండి.

ఒకసారి ఈ పుస్తకం చదవడానికి ముందు ఒక్కొక్కరికీ ఒక చిన్న ఐసు ముక్క ఇచ్చి, గుడ్డలో మూటకట్టి ఒళ్ళో పెట్టుకోమన్నాను. కథ అయ్యేసరికి అందరి గుడ్డలూ తడిసి ముద్దయ్యాయి. ఒక బాబు తన గుడ్డను విప్పి, తిప్పి, మళ్ళీ మడిచి, ఇంకోసారి విప్పి చూశాడు. తరవాత ఎవరితోనూ మాట్లాడకుండా దాన్ని బుగ్గకు ఆనించుకుని కూర్చున్నాడు. కాసేపటికి "ఇంకా చల్లగానే ఉంది" అన్నాడు. నేను ఏ మాటా కలపలేదు. ఆ చల్లదనం వాడికి చెబుతున్నదానికి నా మాటలు అడ్డమవుతాయనిపించింది.

ఇదే పుస్తకంలో చాలామంది దాటవేసే చోటు ఇంకొకటి ఉంది. పెద్దపిల్లలు మంచుముద్దలు విసురుకుంటూ ఆడుతుంటే పీటర్‌కు కూడా చేరాలనిపిస్తుంది కానీ, ఇప్పుడే తనకు అంత వయసు రాలేదని వాడికి తెలుసు. వాడు ఏడవడు, అలగడు. తన మానాన తాను మంచుబొమ్మ చేసుకుంటాడు. ఆటలో చేర్చుకోలేదని రోజూ ఎవరో ఒకరు కంటతడి పెట్టే తరగతిలో ఈ పుట బంగారం. "నీకు ఇలా ఎప్పుడైనా జరిగిందా?" అని మాత్రం నేను మొదట అడగను. పీటర్ గురించి మాట్లాడడం తేలిక, తన గురించి మాట్లాడడం కష్టం. పీటర్ గురించి నాలుగు మాటలు చెప్పాక, చెప్పాలనుకున్న పిల్లలు తమ సంగతి తామే మొదలుపెడతారు. చెప్పని పిల్లలు వింటారు, అదీ మంచిదే.

ఓర్పు విషయానికి జేన్ యోలెన్ రాసిన 'ఔల్ మూన్' (1987) నాకు ఇష్టమైనది. నాన్నతో కలిసి రాత్రివేళ గుడ్లగూబను చూడడానికి అడవికి వెళ్ళిన ఒక చిన్నారి, చలిని ఓర్చుకుంటూ, నోరు మెదపకుండా నడుస్తుంది. నాన్న పిలుస్తాడు, జవాబు రాదు. అయినా నడక ఆగదు. దీన్ని గుసగుసగా చదవాలి. గొంతు తగ్గించి చదివితే, కుదురుగా కూర్చోలేని పిల్లలు కూడా ఊపిరి ఉగ్గబట్టుకుని వినడం నేను చాలాసార్లు చూశాను. ఓర్పు గురించి వాళ్ళకు వేరే చెప్పవలసిన అవసరం అప్పటికి ఉండదు. సాయం చేయడం గురించి అయితే మాథ్యూ కోర్డెల్ 'వుల్ఫ్ ఇన్ ద స్నో' (2017) ఉంది. మంచు తుఫానులో దారితప్పిన పాప, తనలాగే తప్పిపోయిన తోడేలు పిల్లను దాని గుంపుకు చేరుస్తుంది. దాదాపు మాటలే లేని పుస్తకం కాబట్టి కథ చెప్పే పని పిల్లలకే వదిలేయవచ్చు.

ఈ పుస్తకాలన్నీ ఇంగ్లీషువే. నేను వాటిని తెలుగులో చెబుతాను, ఆ పనిలో ఒక లాభం ఉంది. ఇంగ్లీషులో 'శాడ్' అని ఒక్క మాట ఉన్నచోట మనకు దిగులు ఉంది, బెంగ ఉంది, చిన్నబోవడం ఉంది, ఉసూరుమనడం ఉంది. కోపం వేరు, అలక వేరు, ఉక్రోషం వేరు. జేబు ఖాళీగా చూసుకున్న పీటర్‌ది దిగులా, బెంగా అని అడిగితే, ఒక పాప "ఇంకా కావాలనిపిస్తే బెంగ, ఇక రాదని తెలిస్తే దిగులు" అంది. నిఘంటువు ఒప్పుకోకపోవచ్చు కానీ, ఆ తేడాను వెతుక్కునే పాప తన మనసును తాను గమనించుకుంటున్నట్టే. మూడు రంగుల నవ్వు ముఖం, ఏడుపు ముఖం, కోపం ముఖం చార్టులు గోడకు అతికించి, వాటిలో ఒకటి ఎంచుకోమని చెప్పే పద్ధతి నాకు నచ్చదు. పిల్లలకు అంతకంటే ఎక్కువ మాటలు కావాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. రేమండ్ బ్రిగ్స్ 1978లో బొమ్మలతోనే చెప్పిన 'ద స్నోమ్యాన్'లో, రాత్రంతా తనతో ఆడిన మంచుమనిషి కోసం పిల్లవాడు తెల్లారగానే బయటికి పరుగెత్తితే కరిగిన కుప్ప కనిపిస్తుంది. అక్కడితో పుస్తకం అయిపోతుంది. ఒక ఏడాది దీన్ని చూపిస్తుండగా, తాతయ్యను అంతకు నెల ముందే పోగొట్టుకున్న ఒక బాబు తరగతిలో ఉన్నాడని నాకు తెలియదు. చివరి పుట దగ్గర వాడి ముఖం చూసి గాభరాపడి, "పరవాలేదు నాన్నా, వచ్చే చలికాలం మళ్ళీ వస్తాడు" అన్నాను. వాడు నా వైపు చూసి, "రాడు" అన్నాడు. వాడిది నిజం, నాది పుస్తకంలో లేని మాట. నేను పుస్తకం పక్కన పెట్టి, "అవును, రాడు" అని వాడి పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి వాడు తాతయ్య కళ్ళజోడు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఇలాంటి పుస్తకం తీసే ముందు ఇళ్ళల్లో ఈమధ్య ఏం జరిగిందో తల్లిదండ్రులను అడిగి తెలుసుకుంటున్నాను. అలా అని ఆ పుస్తకాన్ని మానేయలేదు. ఆ బాబు తరవాత దాన్ని మూడుసార్లు అడిగి తీసుకున్నాడు.

మీరు ఎలా మొదలుపెట్టాలంటే, నెలకు రెండు పుస్తకాలు చాలు. ఒక్కో పుస్తకాన్ని వారం వ్యవధిలో కనీసం మూడుసార్లు చదవండి. మొదటిసారి ఎక్కడా ఆగకుండా కథంతా విననివ్వండి, రెండోసారి ఒకే ఒక్క చోట ఆగండి, మూడోసారి ఎక్కడ ఆగాలో పిల్లలనే చెప్పమనండి. ఆగిన చోట ప్రశ్న అడిగి, మనసులో పది లెక్కపెట్టుకునే దాకా మౌనంగా ఉండండి. ఆ మౌనం మొదట్లో మనకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఏడో అంకె దగ్గరో ఎనిమిదో అంకె దగ్గరో, అప్పటి దాకా ఎన్నడూ నోరు తెరవని పిల్ల ఒకతె వేలు చాపి బొమ్మలో ఏదో చూపిస్తుంది.