పశువైద్యుని జవాబులు: గుర్రం అంత ఎత్తుకు కాలు ఎందుకు లేపుతుంది?

ప్రశ్న: మా తండ్రిగారు బొబ్బిలిలో జట్కా తోలేవారు. నా చిన్నతనమంతా ఆ గుర్రం దగ్గరే గడిచింది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఈమధ్య అక్కడి గుర్రాల ప్రదర్శన వీడియో ఒకటి పంపాడు. గుర్రాల ముందుగిట్టల కింద ఎత్తైన దిమ్మలు, వాటి పైన గొలుసులు ఉన్నాయి. ముందుకాళ్ళను రొమ్ము దాకా విసురుతూ, వెనుకభాగాన్ని కుంగదీసుకుని అవి నడుస్తుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. ఆ జాతి నడకే అంత అని మావాడు అంటాడు. నాకు మాత్రం కాలు నొచ్చిన గుర్రం లాగా అనిపించింది. నేను పొరబడ్డానా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: మీరు పొరబడలేదు. అయితే మీ అబ్బాయి మాటలో కూడా కొంత నిజం ఉంది. టెన్నెసీ వాకింగ్ హార్స్ అనే ఆ జాతికి పుట్టుకతోనే ఒక ప్రత్యేకమైన నడక ఉంది. నాలుగు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటిగా నేలను తాకుతాయి, వెనుకకాలు ముందుకాలి అడుగుజాడను దాటి పడుతుంది, అడుగడుగుకూ తల ఊగుతుంది, జీను మీద కూర్చున్నవారికి కుదుపు తెలియదు. రోజంతా గుర్రం మీద తిరిగి పొలాలు చూసుకోవలసిన భూస్వాములకు ఈ గుణం నచ్చింది. 1935లో ఆ జాతి వంశావళిని నమోదు చేసే సంఘం ఏర్పడింది. మన దేశంలోనూ మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలలో కొన్నింటికి రేవాల్ అనే ఇటువంటి మెత్తని నడక ఉంది.

మీరు వీడియోలో చూసినది ఆ నడక కాదు. దానిని అక్కడ ‘బిగ్ లిక్’ అంటారు. కాలు ఎంత ఎత్తుకు లేస్తే ప్రేక్షకులు అంతగా కేరింతలు కొట్టడం, న్యాయనిర్ణేతలు ఆ ఎత్తుకే బహుమతులు ఇవ్వడం 1950ల నాటికి అలవాటైపోయింది. ఓపికగా సాధన చేయించినా రాని ఎత్తును తొందరగా రప్పించడానికి కొందరు శిక్షకులు పట్టిన అడ్డదారిని ‘సోరింగ్’ అంటారు. తేట తెలుగులో చెప్పాలంటే, కావాలని కాలిని పుండు చేయడం.

గిట్టకూ దాని పైకీలుకూ నడుమ ఉన్న పలుచని చర్మం మీద కిరోసిన్, డీజిల్, ఘాటైన ఆవ తైలం వంటివి పూసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద కట్టు కట్టి, మందు లోపలికి ఇంకేలా వదిలేస్తారు. ఈ ఆవ తైలం మనం కూరలో వేసుకునేది కాదు, ఆవగింజలోని ఘాటును విడదీసి తీసినది. పనసపొట్టు కూరలో ఆవ కాస్త ఎక్కువైతేనే మనకు ముక్కు అదిరిపోతుంది, ఆ సారాన్నంతా పచ్చిచర్మానికి పట్టించి గాలాడకుండా కట్టివేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. తరువాత అదే చోట గొలుసు వేసి నడిపిస్తారు. అక్కడి నిబంధనల ప్రకారం గొలుసు ఆరు ఔన్సులకు, అంటే సుమారు 170 గ్రాములకు మించకూడదు. ఆరోగ్యంగా ఉన్న కాలికి అది పెద్ద బరువు కాదు గాని, మండుతున్న చర్మం మీద అడుగడుగుకూ అది జారి తగులుతుంది. మరికొందరు రసాయనం జోలికి పోకుండా గిట్టను పచ్చిమాంసం దగ్గరపడే దాకా చెక్కి లాడం కొడతారు, లేదా అరికాలికీ దిమ్మకూ మధ్య గట్టి వస్తువును ఇరికిస్తారు. అప్పుడు నేల మీద మోపిన ప్రతిసారీ కాలు పోటెత్తుతుంది.

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా తారురోడ్డు దాటే మనిషిని గుర్తుచేసుకోండి. అడుగు పూర్తిగా మోపకముందే కాలు లాక్కుంటాడు. గుర్రం ముందుకాళ్ళు రొమ్ము దాకా లేచేది అందుకే. ముందుకాళ్ళ మీది బరువు తప్పించుకోవడానికి అది శరీరాన్ని వెనుకకాళ్ళ మీదికి నెట్టుకుంటుంది, మీరు చూసిన కుంగుబాటు అదే. మీ నాన్నగారి గుర్రం ఎప్పుడైనా ముందుకాలు నొచ్చి బరువును వెనక్కి వేసుకోవడం మీరు చూసే ఉంటారు, ఆ జ్ఞాపకమే మీకు నిజం చెప్పింది. ఆ జాతిలోనే దిమ్మలూ గొలుసులూ లేకుండా మామూలు లాడాలతో పోటీపడే తరగతులు కూడా ఉన్నాయి. మీ అబ్బాయిని ఆ వీడియో ఒకటి చూసి పోల్చుకోమనండి.

ప్రశ్న: ఇంత బాహాటంగా జరుగుతుంటే అమెరికావంటి దేశంలో చట్టం లేదా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: చట్టం ఉందమ్మా, అదీ ఇప్పటిది కాదు. గుర్రాల రక్షణ చట్టం 1970లో వచ్చింది. కాళ్ళు పుండుచేసిన గుర్రాన్ని ప్రదర్శించడం, అమ్మడం, ప్రదర్శనకు తరలించడం దాని ప్రకారం నేరం. అమలు బాధ్యత అక్కడి కేంద్ర వ్యవసాయ శాఖది. చిక్కంతా 1976లో చేసిన సవరణతో వచ్చింది. ప్రదర్శన నిర్వాహకులు తామే తనిఖీదారులను నియమించుకోవచ్చునని అందులో ఉంది. వారికి ఆ రంగపు సంఘాలే శిక్షణ, అనుమతి ఇచ్చే పద్ధతి ఆ తరువాతి నిబంధనలతో వచ్చింది. అమలుకు కేటాయించే సొమ్ముకు ఏడాదికి 5 లక్షల డాలర్లు పరిమితిగా పెట్టారు. తనిఖీదారులలో కొందరు స్వయంగా గుర్రాలను ప్రదర్శించేవారే. కంచె చేను మేయడమంటే ఇదే. ఈ పద్ధతిలో సొంత ప్రయోజనాలు అడ్డుపడుతున్నాయని, దానిని రద్దుచేయాలని ఆ శాఖ అంతర్గత పరిశీలకులే 2010లో నివేదిక ఇచ్చారు.

తనిఖీ ఎలా జరుగుతుందో తెలిస్తే మోసం ఎలా జరుగుతుందో కూడా అర్థమవుతుంది. తనిఖీదారు గుర్రాన్ని నడిపించి చూసి, ముందుకాలు ఎత్తి పట్టుకుని, గిట్ట పైభాగాన్ని బొటనవేలితో నొక్కుతాడు. నొప్పి ఉంటే గుర్రం కాలు లాక్కుంటుంది. అందుకని కొందరు తిమ్మిరెక్కించే మందు పూసి తీసుకువస్తారు. ఇంకొందరు ఇంటి దగ్గరే ఉత్తుత్తి తనిఖీ పెట్టి, గుర్రం కదిలినప్పుడల్లా కొట్టి, నొక్కినా కదలకూడదని నేర్పుతారు. నాకు ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా నీచంగా తోచేది ఈ చివరి పద్ధతి. పశువుకు మాట లేదు, నొప్పిని తెలిపేది కాలు లాక్కోవడం ఒక్కటే, దాన్నీ దెబ్బలతో మాన్పిస్తున్నారు. మచ్చలు పట్టిస్తాయని వాటిని కరిగించే ఆమ్లాలు పూసేవారూ ఉన్నారు, ఆ వైద్యం కూడా గుర్రానికి మంటే.

టెన్నెసీలోని షెల్బీవిల్‌లో 1939 నుంచి జరుగుతున్న జాతీయ ఉత్సవం ఈ రంగంలో అన్నిటికన్నా పెద్దది. 2006లో ప్రభుత్వ పశువైద్యులు గట్టిగా తనిఖీ చేసి గుర్రాలను అనర్హం చేయగా, ఆ ఏడాది అత్యున్నత విజేతను ప్రకటించకుండానే ఉత్సవం ముగిసింది. 2012లో అమెరికా పశువైద్య సంఘమూ, అశ్వవైద్యుల సంఘమూ దిమ్మలను, గొలుసులను పూర్తిగా నిషేధించాలని కోరాయి. అటువంటి బిల్లు ప్రతినిధుల సభలో 2019లో ఒకసారి, 2022లో ఇంకొకసారి నెగ్గినా సెనేట్ ఆమోదం పొందలేదు. 2024లో వ్యవసాయ శాఖ తానే కొత్త నిబంధనలు ప్రకటించింది గాని, అమలులోకి రాకముందే 2025 ఆరంభంలో టెక్సాస్‌లోని ఒక ఫెడరల్ న్యాయస్థానం వాటిలో ముఖ్యమైన భాగాలను కొట్టివేసింది.

ప్రశ్న: మా ఊరి అమ్మవారి సంబరానికి ఊరేగింపులో ఆడే గుర్రాన్ని మాట్లాడమని కమిటీవారు నాకు అప్పగించారు. ఆ గుర్రాన్ని హింసించి నేర్పారో, మంచిగా నేర్పారో బయటివాడికి తెలిసే మార్గం ఉందా?
– ఒక యువకుడు, గజపతినగరం

జవాబు: చాలావరకు ఉంది. మన దగ్గర దిమ్మలూ గొలుసులూ కనబడవు, చూడవలసింది ముఖ్యంగా నోరు. బేరం కుదుర్చుకోకముందే పగటివేళ వెళ్ళి, యజమానిని పట్టుకోమని, కళ్ళెం తీయించి పెదవుల మూలలు చూడండి. కోతలు, గట్టిపడిన మచ్చలు, నురగలో ఎర్రజీర ఉంటే నోటిలో వేసే కడ్డీని చేతిలోకి తీసుకుని తడిమి చూడండి. దానికి ముళ్ళు ఉంటే ఇక అడగవలసిన పనిలేదు. బరువులు లాగే, మోసే పశువులకు ముళ్ళ కళ్ళేలు వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. తరువాత ముందుకాళ్ళ గిట్టల పైన వెంట్రుకలు రాలిన చారలు, తాడు కోసిన గుర్తులు ఉన్నాయేమో చూడండి. చివరిగా వాయిద్యం లేకుండా, కళ్ళెం వదులుగా పెట్టి, గట్టినేల మీద ఇరవై అడుగులు నడిపించమనండి. తలను ఒక కాలి దగ్గర ఎగరవేస్తూ నడిస్తే ఆ కాలు నొస్తోందని అర్థం. గుర్రం వెనుక మాత్రం నిలబడవద్దు.

మన చట్టం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే, ఆ డబ్బుకు ఇవాళ సంబరంలో పిల్లవాడికి ఒక బొమ్మ రాదు. పశువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం అయిదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు గాని, నోటి గాయాలతో అంతవరకు వెళ్ళిన కేసు నా అనుభవంలో లేదు. మీ చేతిలో ఉన్నది డబ్బు. గుర్రం ఆడినంతసేపటికి ఇంత అని కాక ఊరేగింపుకు ఇంత అని మాట్లాడండి. రెండుకాళ్ళ మీద లేపించినవారికి విడిగా నోట్లు చదివించే అలవాటును కమిటీవారు మైకులోనే వద్దని చెప్పాలి, ఎందుకంటే ఆ నోట్ల కోసమే కళ్ళెం గుంజుతారు.

ప్రశ్న: నాకు పెళ్ళిళ్ళకు తిప్పే గుర్రం ఒకటి ఉంది. ముందుకాలి గిట్ట పైన పుండు పడితే కిరోసిన్ రాయమని ఒకాయన చెప్పారు. రాయవచ్చునా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: రాయవద్దు. మొదటి జవాబులో చెప్పిన అమెరికా శిక్షకులు కాలు మండించడానికి వాడేది అదే కిరోసిన్. వాడిన ఇంజిన్ ఆయిలు, బ్యాటరీ నీళ్ళు కూడా అంతే. కాచి చల్లార్చి కొద్దిగా ఉప్పు కలిపిన నీటితో పుండు కడిగి, మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్ది, ఈగలు వాలకుండా చూసుకుంటూ, 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. పురుగు పడినా, వాపు పైకి పాకినా, గుర్రం మేత మానినా మరునాటి దాకా ఆగవద్దు. ధనుర్వాతం టీకా వేయించారో లేదో డాక్టరుగారికి తప్పక చెప్పండి, గుర్రాలకు ఆ జబ్బు తేలికగా సోకుతుంది. పుండు మానేదాకా పెళ్ళిళ్ళకు పంపవద్దు, లాడం మార్పించవలసి ఉంటే అది కూడా మానిన తరువాతనే.