సైనికుల పిల్లలకు ప్రీ-కే ప్రవేశం

ప్రశ్న: మావారు అమెరికా సైన్యంలో పనిచేస్తున్నారు. ఈమధ్యే టెక్సాస్‌కు బదిలీ అయింది. ఆగస్టులో నాలుగేళ్లు నిండే మా పాపను ప్రభుత్వ ప్రీ-కేలో (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) చేర్చాలంటే ఆయన జీతం అడ్డవుతుందా?

జవాబు: అడ్డు కాదమ్మా. టెక్సాస్ చట్టం ప్రకారం, సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, తల్లిదండ్రుల్లో ఒకరు సైన్యంలో క్రియాశీల విధుల్లో ఉన్నా, ఆ విధుల్లో గాయపడినా, మరణించినా, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ బిడ్డ ఉచిత ప్రవేశానికి అర్హురాలు. విధుల్లోకి పిలుపు అందుకున్న రిజర్వు దళాలవారి పిల్లలకూ ఇది వర్తిస్తుంది. పాప జనన ధ్రువపత్రం, టీకాల వివరాలు, చిరునామా రుజువుతో పాటు మీవారి సైనిక గుర్తింపు కార్డును స్వయంగా చూపించండి. తరగతులు మొదలయ్యాక ఆయన సైన్యాన్ని వీడినా పాప అర్హత పోదు. తరచూ ఊళ్లు మారే కుటుంబాలకు ఇది ఎంతో ఊరట. సీట్లు నిండకముందే, వసంతకాలంలోనే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ను (స్థానిక ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) సంప్రదించండి.