కాళ్ల కింద నీళ్లు

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. పాత మారుతి 800 కొన్నావు, మొదటి వానకే ముందు ఎడమవైపు మ్యాట్ కింద నీళ్లు నిలిచాయి, మెకానిక్ ముందద్దం రబ్బరు మార్చాలంటున్నాడు, మార్పించమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో నీ కళ్లతో చూడు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నా బండికీ ఒకప్పుడు ఇదే జబ్బు, కాకపోతే డ్రైవర్ వైపు. ఒక షాపులో ముందద్దం రబ్బరు మార్చారు, తగ్గలేదు. ఇంకో షాపులో అద్దం చుట్టూ సిలికాన్ పూసి పంపారు, అయినా తగ్గలేదు. డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల కింద పడుకున్నవాణ్ణి, నా బండి కింద నేను పడుకోవడానికి బద్ధకించాను చూడు! చివరికి ఒక ఆదివారం మీ పెద్దమ్మ చేతికి నీళ్ల గొట్టమిచ్చి, సీటు విప్పి బయటపెట్టి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాను. టార్చి వేస్తే స్పీడోమీటర్ కేబుల్ మీద ఒక చుక్క కనబడింది. నల్లటి కేబుల్ వెంట మెల్లగా జారి, వంపు దగ్గర ఆగి, లావెక్కి, నా గడ్డం మీద పడింది. వెనకాలే ఇంకోటి. ఇంజన్ వైపు నుంచి ఆ కేబుల్ లోపలికొచ్చే చిల్లుకి ఉండే రబ్బరు బుష్ ఎండిపోయి చీలింది. అంతే. అద్దానికీ దానికీ సంబంధమే లేదు.

నీళ్లు ఒకచోట దూరి, రేకు వెంటో వైరు వెంటో పాకి, ఇంకెక్కడో తేలతాయి. తడి కనబడిన చోటే చిల్లు ఉందనుకుంటే డబ్బులు వదులుతాయి.

ముందు ఒక సంగతి తేల్చుకో. అవి అసలు వాన నీళ్లేనా? వాన లేని రోజుల్లో కూడా ఏసీ వేసుకుని తిరిగాక ఎడమవైపు తడుస్తుంటే, ఏసీ డ్రైన్ పైపు మూసుకుపోయి ఉంటుంది. బండి నిలబెట్టి పావుగంట ఏసీ నడుపు. మన దగ్గర ఉక్కపోతకి బండి కింద చుక్కలు పడి తీరాలి. పడకపోతే కింద పైపు చివర మట్టి తీసి, మెత్తటి వైరుతో మెల్లగా పొడిచి చూడు. తడి జిగటగా ఉండి, తియ్యటి వాసన వేసి, లోపల అద్దాలకి జిడ్డు ఆవిరి పడుతుంటే మాత్రం అది హీటర్‌లోంచి కారే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. దాన్ని షాపులో చూపించాల్సిందే. అది విషం, పిల్లల్నీ కుక్కల్నీ దగ్గరికి రానీకు.

వాన నీళ్లేనని తేలితే మ్యాట్లన్నీ తీసెయ్. కింద స్పాంజి లాంటి పొర ఉంటుంది చూడు, పైన ఆరినట్టే ఉంటుంది గానీ పిండితే చెంబెడు నీళ్లు కారతాయి. దాన్నీ ఎత్తి ఎండలో వెయ్యి. నేల రేకు పూర్తిగా ఆరాక పాత పేపర్లు పరిచి, అనుమానమున్న అంచుల మీద టాల్కమ్ పౌడర్ చల్లు. నీళ్లు వచ్చిన దారి పౌడర్‌లో గీత గీసినట్టు తెలుస్తుంది.

తర్వాత ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట గొట్టంతో. గొట్టానికి నాజిల్ పెట్టకండి, ప్రెజర్ వాషర్ అసలే వద్దు. దాని ధాటికి మంచి రబ్బరు కూడా దారిస్తుంది. నీళ్లు ధారగా వదిలి, కిందనుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందు తలుపు కింది అంచు, తర్వాత వైపర్ల కింది జాలీ, ఆ తర్వాత అద్దం, చివర్న పైకప్పు అంచు. ఒక్కోచోట ఐదు నిమిషాలైనా ఉండాలి. మొదటే పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు.

నా అనుమానం ఆ వైపర్ల కింది జాలీ మీదే. నువ్వు బండి పెట్టేది వేపచెట్టు కిందేగా! జాలీ లోపల తొట్టి లాంటిది ఉంటుంది, పడిన నీళ్లు దాని పక్కలనుంచి కిందికి పోవాలి. ఆకులు కుళ్లి అడ్డుపడితే తొట్టి నిండి, నీళ్లు బ్లోయర్, అంటే లోపలికి గాలి తోసే ఫ్యాన్, దారిలో లోపలికి దిగుతాయి. చేత్తో తీయగలిగినంత చెత్త తీసి, ఒక చెంబు నీళ్లు పోసి కిందికి పోతున్నాయో లేదో చూడు.

రెండో అనుమానం తలుపు. అద్దం పక్కనుంచి తలుపులోకి నీళ్లు దిగడం మామూలే, కింది అంచున వాటికి చిల్లులుంటాయి. అవి మూసుకుపోతే తలుపు ఊపినప్పుడు కుండలో నీళ్లలా చప్పుడవుతుంది. ఇంకొకటి, లోపలి అట్ట వెనక రేకుకి అంటించిన ప్లాస్టిక్ షీటు. అద్దం రిపేరు చేసేవాళ్లు దాన్ని చింపి మళ్లీ అంటించరు, పాత బండ్లలో చాలావాటికి ఇదే కథ. మందపాటి పాలిథీన్ కత్తిరించి, జిగురు టేపుతో చుట్టూ అంటించు. కింది అంచు తలుపు లోపలికి దూర్చాలి, నీళ్లు షీటు వెంట జారి తలుపులోనే పడేలా. ఇక తలుపు రబ్బరుకైతే పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగి చూడు. ఊరికే జారి వచ్చేస్తే ఆ చోట పట్టు లేదన్నమాట.

స్టీరియోకీ హారన్‌కీ వైర్లు లాగడానికి ఎవరైనా కొత్తగా డ్రిల్ చేసిన చిల్లులున్నాయేమో కూడా చూడు. పాత ఓనర్ షోకుల మనిషిలా ఉన్నాడు.

ముందద్దం రబ్బరే దోషి అని గొట్టం పరీక్షలో తేలితే అప్పుడు మార్పించు. 1983 డిసెంబరులో మొదలైన ఆ బండిని 2014 జనవరితో ఆపేశారు. అంటే ఎంత కొత్త 800 అయినా రబ్బర్లు గట్టిపడే వయసుకి వచ్చేసినట్టే. పాత రబ్బరు మూలల్లో గోరుతో నొక్కి చూడు, మెత్తగా లోపలికి పోకుండా పెళుసుగా ఉంటే దాని పని అయిపోయింది. బిగించడం మాత్రం చేయి తిరిగినవాడికే ఇవ్వు. గాడిలో తాడు పెట్టి లోపల్నుంచి లాగుతూ అద్దాన్ని కూర్చోబెడతారు, తొందరపడితే అద్దం పగులుతుంది.

పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ బండికి పూయనీకు. దాంట్లోని ఆమ్లం రేకుని తింటుంది. నాకు పూసిన చోట రెండేళ్ల తర్వాత గోకితే కింద ఎర్రగా పొరలు లేచాయి. కారు అద్దాలకి వాడే పాలీయురెథేన్ సీలెంట్ అడుగు.

నేల రేకు ఎలా ఉందో నువ్వు చెప్పలేదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టు. టంగుమంటే పర్వాలేదు, మెత్తగా డబడబలాడితే తుప్పు లోపలికి దిగినట్టు. పై తుప్పయితే వైర్ బ్రష్‌తో రేకు మెరిసేదాకా గీకి ప్రైమర్ వేసి రంగు కొట్టు. చిల్లు పడితే టింకరింగ్ వాడితో రేకు వెల్డింగ్ చేయించు, పుట్టీతో కప్పేస్తానంటే బండి వెనక్కి తెచ్చేసుకో.

అన్నీ అయ్యాక కూడా వెంటనే మ్యాట్లు వేసేయకు. ఇంకో రెండు వానలు చూడు. వాసన పోకపోతే వంటసోడా చల్లి ఒక రాత్రి ఉంచి, వ్యాక్యూమ్ పట్టు.

ఈ ఆదివారం గొట్టం పరీక్ష చెయ్. ఏ పేపరు ముందు తడిసిందో ఫోటో తీసి పంపు, రబ్బరు కొనాలా వద్దా అప్పుడు చెబుతాను.

మీ పెదనాన్న