ఆస్ట్రేలియాలో ముందే అడవిని కొంత కాల్చేస్తే కార్చిచ్చుల ముప్పు నిజంగా తగ్గుతుందా?

కొంతవరకు తగ్గుతుంది, అదీ సరైన చోట కాలిస్తేనే. విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న రేగిన మంటల్లో 173 మంది చనిపోయాక, విచారణ కమిషన్ ఏటా ప్రభుత్వ భూమిలో కనీసం 5 శాతం కాల్చమంది. చిక్కేంటంటే, జనం లేని మారుమూల అడవిని కాల్చినా టార్గెట్ నిండిపోతుంది, ఊరి పక్కన ఎండుటాకులు, రాలిన బెరడు మాత్రం అలాగే పడుంటాయి. అందుకే 2015లో ప్రభుత్వం ఆ లెక్క మానేసి, మెల్‌బోర్న్ యూనివర్సిటీలో తయారైన ఫీనిక్స్ సాఫ్ట్‌వేర్‌తో మంట ఎటు పాకుతుందో, ఎన్ని ఇళ్లు పోతాయో చూసి, ముప్పు ఎంత తగ్గిందో కొలవాలని నిర్ణయించింది. నన్నడిగితే ఇదే నయం. కాకపోతే భగభగలాడే ఎండకి ఈదురుగాలి తోడైన రోజున ఏం చేసినా మంటలు పెద్దగా ఆగవు, యూకలిప్టస్ బెరడు నిప్పుతోనే కిలోమీటర్ల దూరం ఎగిరిపడుతుంది.